పురుటి బిందె కేసు

శుద్ధ తదియ

తెల్లవారుజామున పోటు. గాలి తూర్పు నుంచి. సముద్రపు నీటిని లోపలికి పీల్చే గొట్టం నోట్లో జెల్లీ చేపలు మళ్ళీ ఇరుక్కున్నాయి. కొక్కెం కర్రతో లాగి పారేసేసరికి మోచేతుల దాకా దద్దుర్లు తేలాయి. జల్లెడలు రెండూ విప్పి, కడిగి, బిగించాను. ఉప్పు మీటరు మామూలే. పడమటి వరస ఇళ్ళకు వంతు నీళ్ళు సరిగానే అందాయి.

ఒడ్డుకు రోజూ పంపాల్సిన మంచినీటి మర లాగ్ ఇంతవరకే. ఉప్పుకు ఒక గడి, ఒత్తిడికి ఒకటి, వంతుకు ఒకటి, మరమ్మతుకు ఒకటి. ఈరోజు మా దిమ్మె మీద జరిగిన పని ఆ గడుల్లో పట్టదు. అందుకని గడుల కింద ఖాళీలో రాస్తున్నాను. ఒడ్డు మీద ఎవరైనా చదివితే చదవనీ.

మధ్యాహ్నం మోటారు పడవ వచ్చింది. అందులోంచి విచారణాధికారి చక్రధర్ దిగి, నారింజ రంగు లైఫ్ జాకెట్ విప్పకుండానే నిచ్చెన ఎక్కాడు. గ్యాసు అయిపోయి కంపెనీలు నడిసముద్రంలో వదిలేసిన ఈ ఇనుప దిమ్మెల మీదికి మా తాతలు ఎక్కి కాపురం పెట్టారు. అప్పటి నుంచి దిమ్మె కాళ్ళు కదల్లేదు. అయినా ఒడ్డువాళ్ళు ఇక్కడ ఉన్నంతసేపూ ఆ జాకెట్ విప్పరు.

మంగాయమ్మ మంచినీళ్ళ గొట్టం తెరిచే చక్రం పక్కన నడవాలో కూర్చుని మెత్తళ్ళ చేపలు ఎండబెడుతోంది. ఆవిడ ఈ ఏడో దిమ్మెకు ఎన్నికైన పెద్ద. మూడోసారి గెలిచింది. ఆడా మగా అందరం పెద్దమ్మ అనే పిలుస్తాం. చక్రధర్ ఆవిడ చేతిలో ఒక నోటీసు పెట్టాడు. ఆవిడ దాన్ని అలాగే నాకు అందించింది. మా ఇంట్లో బడికి వెళ్ళింది నేనే మొదలు. దిమ్మె మీదికి వచ్చే నోటీసులన్నీ నేనే చదివి చెబుతాను.

"ఏటంటన్నాడే వరాలూ?"

"దొంగతనం కేసంట పెద్దమ్మా."

"అయ్యో. ఎవరు సేసేరంట?"

"నువ్వే."

ఆవిడ చేతిలోని మెత్తళ్ళు కింద పెట్టి నవ్వింది. "ఏం నొక్కేసేనంట?"

"పురుటి బిందెలు."

నవ్వు ఆగిపోయింది.

మా దగ్గర ఏ ఇంట్లో పురుడొచ్చినా, ఆ రోజు వంతుతో పని లేకుండా ఒక బిందె మంచినీళ్ళు ఆ ఇంటికి వెళ్తాయి. బిడ్డ మొదటి స్నానానికి, తల్లి తాగడానికి. ఉప్పునీళ్ళతో పసిబిడ్డను కడగరు. పెద్ద వచ్చి చక్రం మీద ముందు చెయ్యి వేస్తే, ఆ తర్వాత ఆ ఇంటి ఆడవాళ్ళు తిప్పుతారు. తుప్పు పట్టిన చక్రం, ఒక్క మనిషికి కదలదు. తొమ్మిది దిమ్మెల మీదా ఇదే పద్ధతి. నేను పుట్టినప్పుడూ ఒక బిందె వచ్చింది. మా వదిన సత్యవతి మొదటి కాన్పుకూ వచ్చింది. ఇప్పుడు ఆమెకు మళ్ళీ నెలలు నిండుతున్నాయి.

చట్టం ప్రకారం వంతు కాని వేళ నీళ్ళు వదిలితే దొంగతనం. ఆ చట్టం నేను పుట్టకముందు నుంచీ ఉంది. ఇన్నేళ్ళూ ఒడ్డున ఎవరికీ గుర్తు రాలేదు. పున్నమి సభ దగ్గర పడ్డాక గుర్తొచ్చింది.

దిమ్మెల మీది నీటి మరలన్నీ ఒడ్డు నీటి సంస్థకు అప్పగించాలా వద్దా అని పున్నమినాడు పెద్దలు ఓటు వేస్తారు. నలుగురు సరే అన్నారు. ఐదుగురు వద్దన్నారు. ఆ ఐదుగురిని ఒక మాట మీదికి తెచ్చింది మంగాయమ్మ. కేసు ఉన్న పెద్ద, అది తేలేదాకా సభలో కూర్చోకూడదు. ఒకరు తగ్గితే అటు నలుగురు, ఇటు నలుగురు. అప్పుడు అధ్యక్షుడి ఓటు చెల్లుతుంది. అధ్యక్షుడు ఒడ్డు మనిషి. ఈ లెక్క వేయడానికి బడికి వెళ్ళి ఉండాల్సిన పని లేదు.

శుద్ధ పంచమి

ఒత్తిడి కొంచెం తగ్గింది. పాత పంపు బేరింగు అరుస్తోంది. గ్రీజు పెట్టాను.

కాటా పడవ వచ్చింది. దాని అసలు పేరు సత్య నిర్ధారణ పీఠం. ఒడ్డున లారీలు తూచే ధర్మకాటా చూసి వచ్చినవాళ్ళెవరో ఆ పేరు తగిలిస్తే అదే నిలిచిపోయింది. ఒక ఇనుప కుర్చీ, అరచేతుల కింద రెండు పలకలు, తల మీద దీపం. మనిషి తాను నమ్మిన మాట చెబితే పచ్చ వెలుగుతుంది. నమ్మని మాట చెబితే ఎరుపు. మాకు బడిలో దీని మీద పాఠం ఉండేది. కాటా వచ్చాక దొంగ సాక్ష్యాలు పోయాయని అందులో ఉంది. అది నిజమే. కాటా ఎవరి పక్షమూ కాదు. కానీ దాని మీదికి ఎవరిని ఎక్కించాలో కాటా నిర్ణయించదు. ఆ సంగతి పాఠంలో లేదు.

మంగాయమ్మ ఈసారి గెలిచాక ఆరిళ్ళలో పురుళ్ళు వచ్చాయి. ఆ ఆరిళ్ళ ఆడవాళ్ళే సాక్షులు. మొదట అచ్చియ్యమ్మను పిలిచారు. పోయిన నెల ఆమెకు మనవరాలు పుట్టింది. సాక్ష్యం చెప్పడమంటే పెద్దమ్మకు మర్యాద చేయడమనుకుని ఆమె పెట్టెలోని మంచి చీర కట్టుకొచ్చింది.

"మీ ఇంటికి వంతు కాని నీళ్ళు వచ్చాయా?" అని చక్రధర్ అడిగాడు.

"వచ్చేయండి. మనవరాలు పుట్టింది కదండి." పచ్చ.

"చక్రం తిప్పింది ఎవరు?"

"మా పెద్దమ్మండి. ఆవిడ సెయ్యి పడితేనే కదండి నీళ్ళు." పచ్చ.

పురుటి నీళ్ళను మేం తీసుకున్నాం అని మా వాళ్ళు ఎవరూ అనరు. పెద్ద ఇచ్చింది అనే అనాలి. పెద్ద చెయ్యి పడితే తిప్పింది పెద్దేనని నిజంగానే నమ్ముతారు. తీసుకున్నామని నోటితో అంటే సముద్రం వింటుందట. విని, బదులుగా బిడ్డను అడుగుతుందట. అందుకని ఆరిళ్ళ వాళ్ళూ ఒకే మాట చెప్పారు. పెద్దమ్మ తిప్పింది, పెద్దమ్మ ఇచ్చింది. మా అమ్మ కూడా అంతే చెప్పింది, నా మేనల్లుడు బుజ్జోడు పుట్టిన రోజు గురించి. ఆరుసార్లూ పచ్చ వెలిగింది.

అచ్చియ్యమ్మ దిగొచ్చి నన్ను అడిగింది. "ఎలా సెప్పేనే? తడబడలేదు కదా?"

తడబడలేదన్నాను. ఇంకేం అంటాను.

చివర మంగాయమ్మ కూర్చుంది.

"చక్రం మీద చెయ్యి వేశారా?"

"ఏసేను."

"అది వంతు వేళ కాదని మీకు తెలుసా?"

"పిల్లలు వంతు సూసుకుని పుట్టరు బాబూ."

"అవునో కాదో చెప్పండి."

"తెలుసు. రేపైనా మళ్ళీ ఏత్తాను."

రెండు మాటలకూ పచ్చే వెలిగింది. చక్రధర్ ముఖం మీద కూడా పచ్చ పడింది. అతను సంతోషంగా ఉన్నాడు.

శుద్ధ సప్తమి

జల్లెడలు మామూలే. దక్షిణపు గొట్టానికి గుల్లలు పట్టాయి. గీకాను.

మంగాయమ్మ సభలో కూర్చోరాదని ఉత్తర్వు వచ్చింది. చక్రధరే తెచ్చి ఇచ్చాడు. పడవ ఎక్కబోతుంటే ఆపి అడిగాను.

"నాలుగో దిమ్మె పెద్ద అప్పన్నగారు మొన్న వాళ్ళ మనవడికి రెండు బిందెలు తీయించారు. అక్కడ పంపు బాగుచేస్తూ నేను చూశాను. ఆయన మీద కేసు లేదేం?"

"ఫిర్యాదు రాలేదమ్మా."

"పెద్దమ్మ మీద ఫిర్యాదు ఎవరు చేశారు?"

"అది చెప్పకూడదు."

"సరే, అప్పన్నగారి మీద నేను చేస్తున్నాను."

"రాసివ్వు."

"ఆయన మరల అప్పగింతకు సరే అన్నారు. అందుకే కదా కేసు లేనిది?"

"ఆ రెండింటికీ ఏం సంబంధం?" అన్నాడు, రెప్ప వేయకుండా.

ఆ క్షణాన అతన్ని పట్టుకుని కాటా కుర్చీలో కూలేసి, అదే మాట మళ్ళీ అనమనాలని నాకు ఎంత అనిపించిందో రాయలేను. అధికారులు కాటా మీద కూర్చోవాలన్న నిబంధన ఎక్కడైనా ఉందా అని అడిగాను. లేదన్నాడు. అడిగినందుకు నవ్వాడు కూడా.

"చదువుకున్న పిల్లవి. వీటిలో తలదూర్చకు. రేపు మరలన్నీ సంస్థ చేతికొస్తే ఉద్యోగాలొచ్చేది నీలాంటివాళ్ళకే," అన్నాడు.

ఫిర్యాదు రాసిచ్చాను. పేరు, ఊరు, చూసిన రోజు, అన్నీ.

శుద్ధ నవమి

నా ఫిర్యాదు పరిశీలనలో ఉందని రేడియోలో జవాబొచ్చింది. పెద్దమ్మ కేసు మాత్రం పరిశీలన, విచారణ, ఉత్తర్వు అన్నీ ఒక్క వారం తిరక్కుండానే పూర్తిచేసుకుంది.

సంగతి మంగాయమ్మ చెవిన పడింది. నేను జల్లెడలు వెనిగర్ తొట్టిలో నానబెడుతుంటే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"అప్పన్న మీద రాసిచ్చేవంట."

"రాశాను. నీ మీద పెట్టిన కేసు ఆయన మీదా పెట్టాలి కదా."

"పెట్టేరే అనుకో. అప్పుడు నా కేసు నాయమైపోద్దా?"

నేను తొట్టిలోని జల్లెడను తిరగేశాను.

"ఇంక నాలుగో దిమ్మె మీద ఏ పెద్దయినా చక్రం మీద సెయ్యేత్తాడా? మీ వదినలాంటిది అక్కడా ఒకత్తి ఉంటాది. దాని బిడ్డని ఉప్పునీళ్ళతో కడగాలా, నీ కోపం కోసం?"

"అయితే ఏం చెయ్యమంటావు పెద్దమ్మా? నోరు మూసుకోమంటావా?"

"మూసుకోమన్నానేటి? ఆడూ సేసేడు అనకు. మనం సేసేం, తప్పు కాదు కాబట్టి సేసేం అను. అది అనడానికి దమ్ముండాలి. పక్కోణ్ణి సూపించడానికి దమ్మెందుకు?"

ఆవిడ మీదా కోపం వచ్చింది నాకు. న్యాయం చెప్పే మనిషి మీద కోపం రావడం కంటే చికాకు ఇంకొకటి లేదు. అయినా ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాను. తీసుకున్నట్టు గంటలోపే నమోదైంది. ఆ పనికి మాత్రం వాళ్ళకు పరిశీలన అక్కర్లేకపోయింది.

తర్వాత చట్టం మొత్తం కూర్చుని చదివాను. బడిలో నాకు నచ్చని పాఠం అదే. చదువుతుంటే ఒక చోట ఆగాను. ఒక నేరంలో తనకూ భాగముందని కాటా మీద ఒప్పుకున్న మనిషి మాట, ఆ నేరంలో మరొకరి మీద సాక్ష్యంగా పనికిరాదు. నేరం చేశానన్న మనిషి సొంత ఒప్పుకోలు కూడా ఒక్కటే చాలదు, బయటి సాక్షి ఒక్కరైనా ఉండాలి.

చక్రం మీద చెయ్యి వేసింది పెద్దమ్మ. తిప్పింది మాత్రం ఆరిళ్ళ ఆడవాళ్ళే. అది అబద్ధం కాదు. ఎవరూ పైకి అనని నిజం. ఆ ఆరుగురూ కాటా మీద కూర్చుని మేం తిప్పాం, మేం తీసుకున్నాం అంటే, మంగాయమ్మ మీద ఒక్క సాక్షి కూడా మిగలడు. నీళ్ళు అందుకున్న ఆరిళ్ళకూ కేసు లేకుండానే ఒక వంతు నీళ్ళు కోస్తారు, అంతే. పునర్విచారణ కావాలని రేడియోలో అడిగాను. చక్రధర్ ఒప్పుకున్నాడు. మరో ఆరు పచ్చ దీపాలు దొరుకుతాయనుకుని ఉంటాడు.

శుద్ధ దశమి

వలలు కుట్టే చోటికి వెళ్ళి అందరికీ చెప్పాను. అర్థమయ్యేలాగే చెప్పాననుకుంటాను. చెప్పడం అయ్యాక ఎవరూ తల ఎత్తలేదు. సూదులు మాత్రం ఆడుతూనే ఉన్నాయి.

"వంతు కోత్తే కొయ్యనీ," అంది అచ్చియ్యమ్మ. "ఆ మాట మాత్రం నేననను."

"అది వట్టి నమ్మకం అత్తా. సముద్రానికి చెవులున్నాయా?"

"నీకు పిల్లలున్నారా?"

లేరన్నాను.

"సదువుకున్నోళ్ళ పిల్లల్ని అడగదు కాబోలు సముద్రం," అంది ఇంకొకామె. అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. అదంతా చక్రధర్‌కు తెలిసే ఉంటుంది. మా వాళ్ళు ఏ మాట అనగలరో, ఏ మాట అనలేరో కనుక్కునే ఈ కేసు కట్టి ఉంటారు. మా మర్యాదను, మా భయాన్ని తీసుకుని మా మీదే సాక్ష్యం చేశారు. ఒక్క అబద్ధం కూడా వాడలేదు. అదే నన్ను కాల్చేస్తోంది.

ఇంటికొస్తే అమ్మ పొయ్యి దగ్గర ఉంది. వదిన నడుం పట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. బుజ్జోడు ఆమె కాళ్ళ మీద పాకుతున్నాడు.

"నువ్వైనా అంటావా అమ్మా?" అన్నాను.

అమ్మ చేప ముక్కలు తిరగేసింది.

"నీకు ముందు నాకొక మొగపిల్లోడు పుట్టేడు. నీకు సెప్పలేదు. పురిటి స్నానం కాకుండానే పోయేడు. మా అత్త పొరుగావిడతో అందంట, మేమే బిందె తీసుకున్నాం, బరువుగా ఉంది అని. అంతే అందంట."

"జ్వరంతో పోయుంటాడమ్మా."

"జొరవే. జొరవని నాకు తెలీదనుకున్నావా?" అంది. "తెలిసినా ఆ మాట నోట్లోంచి రాదు. దీన్ని సూడు." వదిన వైపు గరిటె చూపించింది. "రేపో మాపో నొప్పులొత్తాయి. ఇప్పుడనమంటావా?"

వదిన బుజ్జోడి నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది.

నేను అన్నం తినకుండా పంపు దగ్గరికి వచ్చేశాను.

శుద్ధ త్రయోదశి

పంపు బేరింగు మార్చాను. ఒత్తిడి సరిపోయింది.

పునర్విచారణ. కాటా పడవను దిమ్మె మెట్లకు కట్టారు. చక్రధర్ కుర్చీ పక్కన నిలబడి పేరు పిలిచాడు. అచ్చియ్యమ్మ కదల్లేదు. రెండో పేరు పిలిచాడు. ఆమె తల దించుకుంది. మంగాయమ్మ దూరంగా నిలబడి ఉంది. ఎవరినీ రమ్మనలేదు, వద్దనలేదు. చక్రధర్ ఫైలు మూయబోయాడు.

అప్పుడు మా అమ్మ మెట్లు దిగింది. ఆమె వంతు రాలేదు. పిలవలేదు కూడా. వెళ్ళి కుర్చీలో కూర్చుని పలకల మీద చేతులు ఆనించింది.

"పేరు?"

"గరికిన నూకాలు."

"ఇంతకుముందే మీరు సాక్ష్యం చెప్పారు. చక్రం తిప్పింది పెద్ద అన్నారు."

"ఆవిడ సెయ్యేసింది. తిప్పింది నేను." అమ్మ అరచేతులు పలకలకు గట్టిగా నొక్కింది. "నా మనవడు పుట్టిన రోజు నేనే తిప్పేను. బిందె నేనే ఎత్తుకున్నాను. నీళ్ళు నేనే తీసుకున్నాను."

పచ్చ.

ఆమె లేచి తిన్నగా వెనక్కి రాలేదు. పడవ అంచు దగ్గరికి వెళ్ళి సముద్రం వైపు చూసింది.

"ఇన్నావు కదా," అంది, పొరుగావిడతో గొడవ పడుతున్నట్టు. "నేనే తీసుకున్నాను. అడగాలంటే నన్నడుగు. పిల్లల జోలికొచ్చేవంటే ఊరుకోను."

నాకు కళ్ళు మసకబారాయి. పక్కన వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. గోళ్ళు దిగాయి.

అచ్చియ్యమ్మ కొంగు బిగించింది. "జరుగే నూకాలూ. ఎంతసేపు మాటాడతావు దాంతో. నా పని కానీ."

ఆమె కూర్చుంది, తిప్పానంది, తీసుకున్నానంది. పచ్చ. మూడో ఇల్లు, నాలుగో ఇల్లు. తర్వాత కేసులో పేరు లేనివాళ్ళు కూడా మెట్లు దిగడం మొదలుపెట్టారు. పాతికేళ్ళ కిందటి పురుళ్ళు చెప్పుకుంటూ ముసలమ్మలు వచ్చారు. పిల్లల్లేని ఒకామె వచ్చి, "మా తోటికోడలికి నేనే తిప్పేను, రాసుకో," అంది. చక్రధర్ ఇక చాలన్నాడు. ఆమె వినలేదు. పలకల మీద చేతులు పెట్టుకునే కూర్చుంది. దీపం పచ్చగా వెలుగుతూనే ఉంది. అతనికి దాన్ని ఎలా ఆర్పాలో తెలియలేదు.

సాక్షులు లేనందున కేసు నిలవదని సాయంత్రం రేడియోలో వచ్చింది. వలల దగ్గర ఎవరో డబ్బా వాయించారు. ఆరిళ్ళకు వంతు కోత కూడా అదే రేడియోలో వచ్చింది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

పున్నమి

లాగ్ గడులు నింపలేదు. పొద్దున్నే మంగాయమ్మతో పాటు ఒకటో దిమ్మెకు వెళ్ళాను. సభ అక్కడే జరుగుతుంది. ఆవిడ మా అందరి కోసం అన్నట్టు తలకు నూనె రాసి గట్టిగా ముడి వేసుకుంది.

సభ గుమ్మంలో చక్రధర్ ఉన్నాడు. ఇంకో నోటీసు ఇచ్చాడు. ఆవిడ నాకు అందించింది. చదివాను. మళ్ళీ చదివాను.

"ఏటంట?"

"ప్రజల నడవాని సొంత వ్యాపారానికి వాడుకున్నావంట."

"ఏ యాపారం?"

"మెత్తళ్ళు ఎండబెట్టావంట పెద్దమ్మా. తదియనాడు. ఈయన కళ్ళారా చూశాడంట. ఈయనే సాక్షి."

అధికారి సాక్షి అయితే కాటాతో పని లేదు. ఆయన సంతకమే చాలు. ఇది కూడా చట్టంలో ఉంది. నేనే చదివాను. కానీ ఆ పేజీ దగ్గర ఆగలేదు.

దిమ్మెల మీద చేపలు ఎండబెట్టని మనిషి లేదు. ఎండబెట్టడానికి నడవా తప్ప చోటు లేదు. ఒక తప్పు దొరక్కపోతే ఇంకొకటి. అదీ కాకపోతే ఆవిడ దగ్గిందని పెడతారు. తప్పు వెతికి మనిషిని పట్టుకోవడం కాదిది. మనిషిని పట్టుకుని తప్పు వెతకడం. నేను గట్టిగానే అరిచాను, ఏం అరిచానో గుర్తు లేదు. ఇద్దరు కాపలావాళ్ళు నన్ను పక్కకు లాగారు.

అప్పుడే నాలుగో దిమ్మె అప్పన్న లోపలికి వెళ్తున్నాడు. మమ్మల్ని చూడనట్టు తల వంచుకుని నడుస్తున్నాడు.

"అప్పన్నా," అంది మంగాయమ్మ. "మనవడు బాగున్నాడా?"

అతను ఆగాడు. "బాగున్నాడు," అన్నాడు. ఇంకేదో అనబోయి లోపలికి వెళ్ళిపోయాడు. వెళ్ళి, సరే అని ఓటు వేశాడు. అటు నలుగురు, ఇటు నలుగురు. అధ్యక్షుడు చెయ్యెత్తాడు.

తిరిగి వస్తుంటే పడవలో మంగాయమ్మ ఒక్క మాటే అంది. "మెత్తళ్ళు లోపల పెట్టేరో లేదో. మబ్బు పట్టింది."

బహుళ విదియ

నీటి సంస్థవాళ్ళు వచ్చి చక్రానికి గొలుసు వేసి తాళం బిగించారు. తాళం పక్కన చిన్న పెట్టె ఒకటి ఉంది. దానికీ పలక ఉంది, దీపం ఉంది. చక్రం మీద చెయ్యి పడితే అది పేరు, కారణం అడుగుతుంది. మాట ఒడ్డుకు చేరుతుంది. కేసు తేలేదాకా మంగాయమ్మ చక్రానికి పది అడుగుల దూరంలో ఉండాలి. అక్కడ పసుపు గీత గీశారు.

తాళం చెవి నాకు ఇచ్చారు. చదువుకున్నదాన్ని కాబట్టి. నెల జీతం కూడా ఉంటుందన్నారు. పురుటి బిందె అని ఎవరైనా వస్తే ఏం చేయాలని అడిగాను. "వంతు వచ్చేదాకా ఆగమను," అన్నారు.

తాళం చెవి మెడలో వేసుకున్నాను. ఇనుము చల్లగా ఉంది.

బహుళ చవితి

తెల్లవారుతుండగా వదినకు నొప్పులు మొదలయ్యాయి. ఎండ ఎక్కేలోపు ఆడపిల్ల పుట్టింది. ఏడుపు పంపు గదిలోకి వినబడింది.

అమ్మ బిందె పట్టుకుని వచ్చింది. నన్ను ఏమీ అడగలేదు. చక్రం దగ్గరికి వెళ్ళి నిలబడింది. వెనకాల అచ్చియ్యమ్మ, ఆమె వెనకాల మిగతావాళ్ళు. మంగాయమ్మ పసుపు గీత అవతల నిలబడి చేతులు కట్టుకుంది.

ముందు చెయ్యి వేయాల్సింది ఆవిడ. ఆవిడ వేయలేదు. ఎవరూ కదల్లేదు. అందరూ పసుపు గీత వైపు చూశారు. తర్వాత నా వైపు చూశారు.

నాకు భయం వేసింది. ఈ ఉద్యోగం పోతుంది. బడిలో నా కోసం అమ్మ ఉప్పుచేపలు మోసి కట్టిన ఫీజులు గుర్తొచ్చాయి. తాళం చెవి తీశాను. గొలుసు కింద పడి మోగింది. చక్రం మీద చెయ్యి వేశాను.

పెట్టెలోంచి ఆడగొంతు అడిగింది. "పేరు, కారణం చెప్పండి."

"గరికిన వరహాలు. మా వదిన బిడ్డకు నీళ్ళు తీసుకుంటున్నాను."

పచ్చ.

చక్రం కదల్లేదు. నా ఒక్కదానికి ఎలా కదులుతుంది. అమ్మ చెయ్యి నా చెయ్యి పక్కన పడింది. "గరికిన నూకాలు. నా మనవరాలికి తీసుకుంటన్నాను." పచ్చ. "అచ్చియ్యమ్మ. ఊరికే రాలేదు, నేనూ తిప్పుతున్నాను." పచ్చ. పేరు వెంట పేరు. పెట్టె ప్రతిసారీ అదే గొంతుతో అడిగింది. ప్రతిసారీ పచ్చే వెలిగింది. వేరే రంగు వెలిగించడానికి దానికి మేం దారి ఇవ్వలేదు. తుప్పు రాలింది. చక్రం తిరిగింది.

మంగాయమ్మ గీత అవతల నుంచి, "పిల్ల తడవకముందు మీరు తడిసేలా ఉన్నారు, బిందె సరిగ్గా పెట్టండే," అని అరిచింది.

ఇక గడులు. ఉప్పు మామూలే. ఒత్తిడి సరిపోయింది. వంతు కాని నీరు ఒక బిందె, తీసుకున్నది మేము. మరమ్మతు గడిలో గొలుసు తీసేశామని రాశాను.

రేపు కాటా పడవ వస్తుందని రేడియోలో చెప్పారు. రానీ. మేం ఇంతమందిమి, దాంట్లో కుర్చీ ఒక్కటే ఉంది.